ఋజువర్తనమునకు రొద తప్పదా?

ఉన్నమాట అంటే ఊరు అచ్చిరాదని మన పెద్దలొక సామెత చెప్పిరి. యథార్థవాది లోకవిరోధి యని మఱియొక నానుడి. ఈ రెండింటి వెనుకను ఒక విశ్వాసము పాతుకొనియున్నది: సత్యము స్వభావముచేతనే కఠినమైనదనియు, దానిని వంకర లేక పలుకువాడు వినువానిని నొప్పింపక తప్పదనియు, ఎవ్వరిని నొప్పింపక పలుకుచున్నవాడు ఎక్కడనో ఒకచోట దానిని కొంత వంచియే యుండుననియు మనము లోలోపల నమ్ముచున్నాము. అయితే భగవద్గీత 16వ అధ్యాయమున దైవీసంపదను లెక్కించుచు మొదటి శ్లోకమున ఆర్జవమును చెప్పి, రెండవ శ్లోకముననే మార్దవమును కూడ చెప్పినది. సూటిదనమును మెత్తదనమును ఒకే మనుష్యునియందు కోరిన ఆ పట్టిక జరుగరాని దానిని కోరినదా? లేక సూటిదనమునకు రొద తప్పదను మన నమ్మకమునందే లోపమున్నదా?

మనుష్యులను ముందిడుకొని ఈ ప్రశ్నను విచారించుట కష్టము. పలికినవాని అభిమానము, విన్నవాని గాయము, చూచినవాని పక్షపాతము, ఈ మూడును కలిసి విషయమును మసకబార్చును. కావున అభిమానము లేని చోట, గాయపడు హృదయము లేని చోట, సూటిదనమును రొదయు మాత్రమే మిగిలిన చోట దీనిని పరిశీలింపదలచితిని. అట్టి చోటు మోటారుకారు గేరుబాక్సు. అందులో రెండు జాతుల పళ్ళచక్రములుండును. ఒక జాతి చక్రమునకు పళ్ళు ఇరుసునకు సమాంతరముగా, తిన్నగా కోయబడియుండును; రెండవ జాతికి ఏటవాలుగా కోయబడియుండును. తిన్నపళ్ళ గేరు కూయును. వాలుపళ్ళ గేరు ఇంచుమించు నిశ్శబ్దముగా తిరుగును. కారును వెనుకకు నడుపునప్పుడు వినవచ్చు సన్నని కూత చాల కారులలో ఈ తిన్నపళ్ళదే; ఏలయన ముందునకు పోవు గేర్లన్నిటికిని వాలుపళ్ళు పెట్టినవారు కూడ రివర్సునకు పెక్కుచోట్ల తిన్నపళ్ళనే ఉంచిరి. తొలినాటి అంబాసిడరులో మొదటి గేరు కూడ ఇట్టిదే. నిండు బరువుతో ఎత్తు ఎక్కుచు ఆ కారు మొదటి గేరులో పెట్టు ఆక్రందనమును విన్నవారు మనలో ఇంకను పెక్కుమంది కలరు.

ముందుగా పన్ను చేయు పని యేదో తెలిసికొనవలెను. 20 పళ్ళ చిన్నచక్రము 40 పళ్ళ పెద్దచక్రమును త్రిప్పినచో పెద్దది సగము వేగముతో తిరుగునని ఎవ్వరైనను చెప్పగలరు. కొయ్యమేకులు దిగగొట్టి చేసిన మోటుచక్రములు కూడ మొత్తముమీద ఈ లెక్కను తప్పవు. కాని మొత్తముమీద సరిపోవుట వేఱు, క్షణక్షణమును సరిపోవుట వేఱు. మేకుల చక్రములో ఒక మేకు వచ్చి తగిలి తొలగిపోవునంతలో నడుపబడు చక్రము ఒక్కింత ముందునకు దూకి, ఒక్కింత వెనుకబడి, తుదకు లెక్క సరిచేసికొనును. ఈ దూకుడును ఈ వెనుకబాటును లేక, పన్ను తాకిన క్షణము మొదలు విడిచిన క్షణము వఱకు వేగముల నిష్పత్తి ఒక్కటియే యుండవలెనన్నచో పంటి ప్రక్కతలమునకు ఒక ప్రత్యేకమైన వంపు కావలెను. 18వ శతాబ్దమున లెయొనార్డ్ ఆయిలరు అను గణితవేత్త దీనిని లోతుగ విచారించి, వృత్తమునకు చుట్టిన దారమును బిగువు సడలనీయక విప్పుచు పోయినప్పుడు దారపు కొన గీయు వక్రరేఖ ఇందులకు తగినదని చూపెను. నేటి కారు గేర్ల పళ్ళు ఈ వక్రరేఖనే అనుసరించును. దీని గుణము అద్భుతమైనది: రెండు పళ్ళు ఎక్కడ తాకినను, ఆ తాకిన చోట తలములకు లంబముగా గీచిన రేఖ రెండు ఇరుసులను కలుపు రేఖమీద ఒకే స్థిరబిందువు గుండ పోవును. తాకుచోటు జరుగుచునే యుండును, పళ్ళు ఒకదానిపై నొకటి జారుచునే యుండును, ఆ బిందువు మాత్రము కదలదు. ఇరుసుల నడిమి ఎడము వెండ్రుకవాసి పెరిగినను నిష్పత్తి చెడదు.

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఈ వంపు తిన్నపళ్ళకును ఉన్నది, వాలుపళ్ళకును ఉన్నది. రెండును ఒకే నిష్పత్తిని ఒకే నమ్మకముతో అందజేయును. వాలుపన్ను అబద్ధమాడు పన్ను కాదు. తిన్నపన్ను ఒక్కటే నిజము పలుకునదియు కాదు. సత్యాసత్యముల విభాగమును సూటిమాట మెత్తమాట అను విభాగముతో కలిపివేసి, సూటిగా లేనిది సత్యము కాదని తీర్మానించుట ఎంత తొందరపాటో ఈ చక్రములను చూచినప్పుడే నాకు తేటపడినది.

మఱి సత్యమునకు కొలబద్ద యేది? యోగసూత్రముల 2వ పాదమున 30వ సూత్రము యమములను చెప్పునది. అచ్చట వ్యాసభాష్యము సత్యమును నిర్వచించిన తీరు ఎన్నిమార్లు చదివినను నాకు ఆశ్చర్యము గొలుపును. ఉన్న వస్తువుతో మాటకును మనస్సునకును పొందిక యుండుట సత్యమని చెప్పి భాష్యకారుడు అంతటితో ఆగలేదు. తనకు కలిగిన బోధమును ఎదుటివానికి అందజేయుటకే వాక్కు గనుక అది వంచించునదిగాని, భ్రాంతితో కూడినదిగాని, విన్నవానికి ఏ యర్థమును పుట్టింపని గొడ్డుమాటగాని కారాదనెను. సర్వభూతముల మేలునకే అది ప్రవర్తింపవలెననియు చేర్చెను. అనగా సత్యము పలికినవాని పెదవులయొద్ద ముగిసిపోవునది కాదు; విన్నవాని మనస్సున ఏది తిరిగినదో చూచిన గాని లెక్క తేలదు. ఈ భాష్యమునకు టీక వ్రాసిన వాచస్పతిమిశ్రుడు వంచనకు ఉదాహరణముగా ఎంచుకొన్నది మఱెవ్వరినో కాదు, ధర్మరాజునే. అశ్వత్థామ యను ఏనుగు చచ్చిన మాట వాస్తవము; పలికినవాని మనస్సులో నున్నది ఏనుగు; ద్రోణుని మనస్సున తిరిగినది కొడుకు. నడుపు చక్రము తిరిగినది ఒక తీరు, నడుపబడు చక్రము తిరిగినది వేఱొక తీరు. అంతవఱకు నేలకు నాలుగు వ్రేళ్ళ ఎత్తున నడచుచుండిన ధర్మరాజు రథము ఆ క్షణముననే నేలకు దిగెనని భారతము చెప్పుచున్నది. ఆ మాటలో కర్కశత్వము లేదు, రొద లేదు, స్వరము తగ్గించి పలికినదే, చెడినది నిష్పత్తి.

సత్యము నిష్పత్తిలో నున్నదని ఒప్పుకొన్న పిమ్మట, సూటిపన్ను ఎందులకు కూయునో విచారింపవచ్చును. తిన్నపన్ను తన వెడల్పునంతయు ఒక్కసారిగా ఎదుటి పంటికి ఆనించి, ఒక్కసారిగా విడుచును. ఒక జత విడువకమునుపే తరువాతి జత అందుకొనవలెను, లేనిచో నడక తెగిపోవును. ఈ అందుకొనుట ఒకటిన్నర పాళ్ళుగా నున్నదనుకొందము: అప్పుడు సగము కాలము రెండు జతలు బరువును పంచుకొనును, సగము కాలము ఒక్క జతయే మోయును. ఉక్కుపన్ను కూడ బరువునకు వంగును. ఆ వంగుట కంటికి ఆనదు, కాని కలదు. ఒంటరిగా మోయునప్పుడు ఎక్కువ వంగును, తోడు దొరకినప్పుడు తేఱుకొనును. ఈ వంగుటయు తేఱుకొనుటయు ప్రతి పంటికిని జరుగుచుండును. 20 పళ్ళ చక్రము నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచున్నచో సెకనునకు 50 చుట్లు, అనగా 1,000 పళ్ళు. ఆ వేయి అదరుపాట్లు ఇరుసుల గుండ, బేరింగుల గుండ గేరుబాక్సు గోడలకు ప్రాకి, గోడలు గాలిని కదల్పగా మన చెవికి ఒక సన్నని కూతగా వచ్చి సోకును. బరువు తగ్గినకొలదియు కూతయు తగ్గును.

కాబట్టి ఆ కూత సూటిదనము చేసిన అఱుపు కాదు, ఒంటిగా బరువు మోయుచున్న పంటి మూల్గు. కన్నకొడుకు చేసిన తప్పును పదిమంది ఎదుట ఒప్పుకొనుచున్న తండ్రి గొంతు బిరుసెక్కును. విన్నవారు దానిని కోపమనుకొందురు. ఆ బిరుసు వినువారిమీదికి ఉద్దేశింపబడినది కాదు. అది మాట బరువునకు మనిషి వంగినప్పటి శబ్దము. అట్టి కర్కశత్వమును సైపవలెను; దానిని సైపలేని సమాజము నిజము చెప్పువారిని పోగొట్టుకొనునని నా దృఢవిశ్వాసము.

యంత్రనిర్మాతలు ఈ మూల్గును తగ్గించుటకు చేయు పని యొకటి ఉన్నది, అది నన్ను చాలకాలము ఆలోచింపజేసినది. ఆయిలరు వక్రరేఖను కాగితముమీద నున్నది ఉన్నట్లు కోసిన పన్ను బరువు లేనప్పుడు మాత్రమే నిర్దుష్టము. బరువు పడి ముందటి జత వంగియున్నప్పుడు వెనుక వచ్చు పన్ను తాను రావలసిన క్షణము కంటె ముందే వచ్చి ఎదుటి పంటిని గ్రుద్దుకొనును. అందుచేత పంటికొనయొద్ద, మిల్లీమీటరులో నూఱవవంతు, రెండు నూఱవవంతులు అనునట్టి లెక్కను ముందుగనే తఱుగుదురు. కాగితముమీది రేఖతో పోల్చినచో ఇది తప్పు. బరువు క్రింద ఇదియే ఒప్పు. ఎంత తఱుగవలెనో నిర్ణయించునది ఆ పన్ను మోయబోవు బరువే గాని కోయువాని సౌకర్యము కాదు; అవసరమునకు మించి తఱిగినచో పళ్ళు సరిగా అందుకొనక వేఱొక రొద పుట్టును. చావుబ్రతుకుల నడుమనున్న రోగికి వ్యాధి సంగతి చెప్పు వైద్యుడు ఏ వాక్యముతో మొదలిడవలెనో, ఏ వాక్యమును మఱునాటికి ఆపవలెనో ఎంచుకొనుట ఈ తఱుగుట వంటిది. తుదకు రోగి మనస్సున తిరుగవలసినది తిరిగియే తీరవలెను. దానిని తిరుగనీయకుండుటకై చేసిన తఱుగుడు తఱుగుడు కాదు, పన్ను విఱుచుట.

ఇంతవఱకు చెప్పినది ఒక రొద. తిన్నపళ్ళకు సంబంధించినది మఱియొక రొద ఉన్నది. దానిని మొదటిదానితో కలిపివేయుటచేతనే మన నైతికవిచారణ పెక్కుమార్లు దారి తప్పుచున్నదని నాకు తోచుచున్నది. 1890ల తొలినాళ్ళలో ఫ్రాన్సు దేశపు పానార్-లెవాసోర్ కారులలో చక్రములనే ఇరుసు వెంబడి జరిపి ఒకదానిలో నొకటి దూర్చి గేరు మార్చు పద్ధతి వాడుకకు వచ్చినది. తిన్నపళ్ళు ఇరుసునకు సమాంతరముగా నుండుట ఇందులకు మిక్కిలి అనుకూలము. ఒకదాని సందులోనికి మఱియొకటి తిన్నగా జాఱిపోవును. కాని ఒక్క నియమము: కలియబోవు రెండు చక్రముల అంచులును ఒకే వేగముతో నడచుచుండవలెను. 1928లో క్యాడిలాక్ కారులలో సింక్రోమెష్ అను సాధనము వచ్చి ఆ పనిని తాను చేయునంతవఱకు, వేగములను సరిచేయు భారము డ్రైవరుమీదనే యుండెడిది. పై గేరునుండి క్రింది గేరునకు దిగవలెనన్నచో ఆతడు క్లచ్ నొక్కి, గేరు కఱ్ఱను నడుమ నిలిపి, క్లచ్ వదలి, ఆక్సిలరేటరును ఒక్కింత త్రొక్కి ఇంజను వైపు చక్రమును వేగిరపఱచి, మరల క్లచ్ నొక్కి, చెవి ఒగ్గి, సరియైన క్షణమున కఱ్ఱను లాగవలెను. దీనినే మన డ్రైవర్లు డబుల్ క్లచ్ అందురు. అది కుదిరినప్పుడు గేరు వెన్నలో దిగినట్లు దిగును. కుదరనప్పుడు ఎముకలు నూఱినట్టి గరగర పుట్టి, బండిలోని వారందఱును ఉలికిపడుదురు.

ఎక్కడనైనను షెడ్డులో పాత గేరుబాక్సును విప్పినప్పుడు రివర్సు చక్రమును చేతికి తీసికొని, నూనె తుడిచి, వెలుతురునకు పట్టి చూడుడు. పళ్ళ ప్రక్కతలములు అద్దమువలె మెఱయుచుండును. కొంత వయస్సు మీఱిన చక్రమైనచో పంటి ఎత్తున ఇంచుమించు సగము చోట చీమతల వంటి చిన్నచిన్న గుంటలు వరుసగా కనబడును. పళ్ళు జాఱుట మాని కేవలము దొర్లు చోటు అది, ఒక్క జతయే బరువునంతయు మోయు చోటును అదియే. ఇప్పుడు అదే పంటిని కొన వైపు, ఎదుటి చక్రములోనికి దూరు అంచు వైపు చూడుడు. అచ్చట మెఱుగు లేదు. పెచ్చులూడి, మొక్కవోయి, కుక్క కొఱికిన చెఱకుగడవలె నుండును. క్లచ్ నొక్కిన తోడనే, లోపలి ఇరుసు ఇంకను తిరుగుచుండగనే, రెండు క్షణములు ఆగు ఓపిక లేక కఱ్ఱను లాగినవాడు చేసిన గుర్తులవి. ఒకే పంటిమీద రెండు వ్రాతలు: ఒకటి బరువు వ్రాసినది, రెండవది తొందర వ్రాసినది.

నేను ఉన్నదున్నట్లు చెప్పువాడను, నాకు దాపరికము తెలియదు అని చెప్పుకొనువారిలో పెక్కుమంది పుట్టించునది ఈ రెండవ రొదయే. వినువాడు ఏ దుఃఖములో నున్నాడో, ఏ పనిలో మునిగియున్నాడో, ఆతని మనస్సు ఏ వేగముతో తిరుగుచున్నదో గమనింపక, తన మాటను దూర్చి, గరగర వినబడగనే అది సత్యమునకు సహజమైన కాఠిన్యమని వారు సమాధానపడుదురు. సత్యము పేర తమ తొందరకు పుణ్యము కట్టుకొందురు. 17వ అధ్యాయము 15వ శ్లోకమున గీత వాక్కునకు సంబంధించిన తపస్సును చెప్పుచు, ఉద్వేగము పుట్టింపనిదియు సత్యమైనదియు ప్రియమును హితమునైనదియు అగు మాటను కోరినప్పుడు, దానిని తపస్సని పిలుచుట ఊరక కాదు. ఆ డ్రైవరు పాదములును చెవియు చేసిన పని ఎంత శ్రమయో, ఎంత ఏకాగ్రతయో ఎఱిగినవారికి, పలుకుటకు ముందు ఎదుటివాని వేగమునకు తన్ను సరిచేసికొనుట తపస్సెట్లగునో వేఱుగ చెప్పనక్కఱలేదు. అందులో మాటను వంచుట లేదు. పలుకువాడు తన వేగమును మార్చుకొనుట మాత్రమే ఉన్నది.

ఇక మెత్తదనము సంగతి. వాలుపన్ను ఎదుటి పంటిని మొదట ఒక కొనయందు మాత్రమే సోకి, ఆ స్పర్శను క్రమముగా రెండవ కొన వఱకు ప్రాకించును. ఒక జత బరువు దిగకమునుపే తక్కిన జతలు భుజమిచ్చుచుండును. కావున అదరుపాటు స్వల్పము. అయితే వాలు ఊరక రాదు. వాలిన తలముమీద ఒత్తిన బలము చక్రమును త్రిప్పుటయేగాక ఇరుసు వెంబడి ప్రక్కకు కూడ నెట్టును. పళ్ళ వాలు 30 డిగ్రీలైనచో ఈ ప్రక్కబలము త్రిప్పు బలములో సగమునకు మించును. దానివలన కారు ఒక్క అంగుళమైనను ముందునకు నడవదు. అయినను దానిని ఎవరో ఒకరు మోయవలెను. ఇరుసు చివరనున్న బేరింగు దానిని మోయును. పందెపు కారులలో నేటికిని తిన్నపళ్ళను ఎంచుకొనుటకు ఈ ప్రక్కబలము లేకుండుట ఒక ముఖ్యకారణము. అచ్చట రొదను ఎవ్వరును లెక్కచేయరు. ఇంటిల్లిపాది ప్రయాణము చేయు కారులో రొద పనికిరాదు, కావున మోయుటకు బేరింగును పెట్టుదురు.

ఉమ్మడికుటుంబములో తండ్రి కాదన్న మాటను కొడుకునకు చేరవేయు తల్లిని తలచుకొనుడు. ఆమె ఆ కాదనుటను అవుననుటగా మార్చదు, నిష్పత్తి చెడదు, కొడుకునకు తెలియవలసినది తెలియును. తెలియజేసిన తీరు మాత్రము ఒక కొనయందు మొదలై మెల్లగా ప్రాకినది. ఇంట రొద లేదని చుట్టములు మెచ్చుకొందురు. ఆ మెత్తదనము పుట్టించిన ప్రక్కబలమంతయు ఆమెకే ఆనుచున్నదని, అది ఏండ్ల తరబడి ఆనుచునే యున్నదని, ఆ యింట ఎవ్వరును ఎఱుగరు. రొద చేయువాని శ్రమ పదిమందికి వినబడును. మృదువుగా మోయువారి శ్రమకు శబ్దమే లేదు. మార్దవమును దుర్బలుల గుణముగా చులుకన చేయువారు ఈ బేరింగును ఎన్నడును చూడనివారు. గీత మాత్రము దానిని చూచినదని నా భావము. ఏలయన రెండవ శ్లోకమున మార్దవమును కోరిన ఆ పట్టిక మూడవ శ్లోకముననే క్షమను, ధృతిని కూడ కోరినది. ఓర్పును నిలకడయు లేని మనిషిని మెత్తగా నుండుమనుట, బేరింగు లేని ఇరుసునకు వాలుపళ్ళు బిగించుట. ఆర్జవమును మార్దవమును ఒకచోట కోరిన ఆ పట్టికలో వైరుధ్యము నాకిప్పుడు కనబడుట లేదు. మోయవలసిన బలమును, దానిని మోయునట్టి శక్తిని అది దగ్గఱదగ్గఱగానే లెక్కించినది.

అయితే చక్రముల నుండి మనము నేర్చుకొనగల దానికి ఒక హద్దున్నది. తాను మోయుచున్నది మేలో కీడో గేరునకు తెలియదు. భాష్యకారుడు తుదకు చేర్చిన నియమము, సర్వభూతముల మేలునకే వాక్కు ప్రవర్తింపవలెనన్నది, చక్రములకు అందనిది. కర్ణపర్వమున కౌశికుడను తపస్వి కథ ఉన్నది. ఏనాడును అసత్యమాడనని వ్రతము పట్టినవాడాతడు. దొంగలకు వెఱచి కొందఱు వచ్చి అడవిలో దాగిరి, వెంబడి వచ్చిన దొంగలు వారెటు పోయిరని అడిగిరి, కౌశికుడు చెప్పెను, దొంగలు వారిని చంపిరి, కౌశికుడు నరకమునకు పోయెను. గాండీవమును మఱియొకనికి ఇమ్మన్నవానిని చంపుదునను వ్రతమునకు కట్టుబడి అన్నపైననే కత్తి దూసిన అర్జునునకు శ్రీకృష్ణుడు ఈ కథ చెప్పెను. కౌశికుని మాటలో నిష్పత్తి చెడలేదు. ధర్మరాజు చేసిన లోపము ఆతడు చేయలేదు. ఆతని మనస్సులోనున్నదే దొంగల మనస్సున తిరిగినది. రొద కూడ లేదు. అయినను ఆ మాట మహాపాపమైనది.

అచ్చట శ్రీకృష్ణుడు రెండు మాటలు చెప్పుచున్నాడు. మౌనముతో గడచునేని పలుకకుండుట మేలన్నది మొదటిది. దీనిని నేను మనఃపూర్వకముగా అంగీకరింతును. మన గేరుబాక్సులకు కూడ ఇంజనుతో సంబంధమును తెంచు క్లచ్ ఒకటి ఉండనే యున్నది, అది లేక ఆ పళ్ళను కలుపుట కష్టము. సత్యవ్రతమనగా అడిగిన ప్రతివానికిని అన్నివేళల బదులు పలుకుట యని కౌశికుడెట్లు అనుకొనెనో నాకు బోధపడదు. పలుకక తప్పనిచో అసత్యమే మేలన్నది రెండవ మాట. కత్తి పట్టుకొని ఎదుట నిలిచినవానికి తప్పుదారి చూపుమను ఆ మాటను కాదనుటకు నాకు నోరు రాదు. కాని భాష్యకారుడు ప్రాణులకు హాని చేయు మాట నిజమువలె కనబడినను సత్యము కాదు, పాపమే యని చెప్పినాడే గాని, దానికి మాఱుగా పలికిన అబద్ధము సత్యమగునని చెప్పలేదు. ఆ అబద్ధము పలికి ప్రాణములు కాపాడినవాడు చేసినది ధర్మమే యగుగాక; దానిని సత్యమని కూడ పిలువవచ్చునా, లేక సత్యమును విడిచి ధర్మమును పట్టుకొన్నాడని చెప్పవలెనా అన్నచోట ఆ యిరువురి మాటలను పొసగించుట నాకింకను సాధ్యపడలేదు.